ఫోన్లో ఎవరైనా “రైట్ క్లిక్ కొట్టు” అంటే ఎక్కడ కొట్టాలి?

మా వదినె నర్సంపేట దగ్గర ఒక ఊళ్లో వీఓఏ, అంటే గ్రామ సంఘం సహాయకురాలు. పొదుపు సంఘాల లెక్కలు, తీర్మానాలు, బ్యాంకు కాగితాలు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. పోయిన ఎండాకాలం కొడుకు తన పాత కంప్యూటర్ పట్నం నుంచి తెచ్చి, ముందటి అర్రలో బిగించి, “అమ్మా, ఇగ నువ్వే నేర్చుకో” అని తెల్లారే బస్సెక్కాడు. ఆ సాయంత్రమే వదినె నాకు ఫోన్ చేసింది. నేను హన్మకొండలో ఉంటాను. చాలా ఏండ్లు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాణ్ని కాబట్టి చుట్టాలందరి కంప్యూటర్ తిప్పలు నా ఫోన్‌కే వస్తాయి.

“డెస్క్‌టాప్ మీద చూడు వదినె, పసుపు రంగు ఫోల్డర్ ఉంటది” అన్నాను.

కాసేపు చప్పుడు లేదు. తర్వాత, “డబ్బా మీద ఏం లేదు. దుమ్మున్నది, మొన్నటి కరెంటు బిల్లున్నది” అంది.

తప్పు నాదే. డెస్క్‌టాప్ అనే మాటకు రెండు అర్థాలున్నాయని నేను చెప్పనే లేదు. కంప్యూటర్ కొత్తవాళ్లకు చేతితో వచ్చే ఇబ్బంది నాలుగు రోజుల్లో పోతుంది. పేర్లు తెలియక వచ్చే ఇబ్బందే పోదు. అవతలివాళ్లు ఫోన్లో చెప్పింది చేయాలన్నా, మనం ఎక్కడ ఆగిపోయామో వాళ్లకు చెప్పాలన్నా ఒక ముప్పై మాటలు కావాలి. వదినెకు చెప్పిన వరుసలోనే వాటిని ఇక్కడ చెప్తున్నా. కంప్యూటర్ ముందు కూర్చొని కొంచెం చదవండి, చేసి చూడండి, మళ్లీ చదవండి. కంప్యూటర్‌ను నడిపించే మూల ప్రోగ్రాం పేరు విండోస్. మీ దాంట్లో విండోస్ 10 గానీ 11 గానీ ఉందనుకొని రాస్తున్నా. రెండింట్లో పేర్లు దాదాపు ఒకటే, కొన్నిటి చోటు మారిందంతే.

బల్ల మీద ఉన్నవి, తెర మీద ఉన్నవి

టీవీ లాంటిది మానిటర్. అక్షరాల పలక కీబోర్డు. పక్కనో కిందనో ఉన్న పెద్ద డబ్బాను అందరూ సీపీయూ అంటారు. అసలు సీపీయూ ఆ డబ్బా లోపల ఫ్యాను కింద దాక్కున్న చిన్న చిప్పే గానీ, రిపేరు షాపుకు పోయి “సీపీయూ తెచ్చినా” అంటే డబ్బా అనే అర్థం చేసుకుంటారు. మీరూ అట్లనే అనండి, తప్పేం లేదు.

ఈ మొత్తం సెట్టును డెస్క్‌టాప్ అంటారు. బల్ల మీద పెట్టేది కాబట్టి ఆ పేరు, ఒళ్లో పెట్టుకునేది ల్యాప్‌టాప్. ఇది మొదటి అర్థం. రెండో అర్థం, కంప్యూటర్ ఆన్ అయ్యాక కనిపించే మొదటి తెర. ఫోన్లో హోమ్ స్క్రీన్ ఉంటుంది కదా, అట్లాంటిదే. “డెస్క్‌టాప్ కొన్నాం” అంటే మిషన్. “డెస్క్‌టాప్ మీద ఉంది” అంటే తెర. ఫోన్లో సాయం చేసేవాళ్లు నూటికి తొంభై సార్లు తెర గురించే అంటారు.

తెరకు బల్ల పేరెందుకు? 1970లలో అమెరికాలోని జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో, తెరను ఆఫీసు బల్లలాగా చూపిస్తే మామూలు ఉద్యోగులకు భయం పోతుందని అనుకున్నారు. బల్ల మీద కాగితాలు, వాటిని పెట్టుకునే అట్టలు. కాగితం ఫైలు, అట్ట ఫోల్డర్. మనం ఫొటోకాపీకి పెట్టుకున్న పేరు ఉన్న కంపెనీయే అది. వదినెకు ఆఫీసు బల్ల కంటే సంఘం ఇనుప పెట్టె బాగా తెలుసు కాబట్టి నేను పెట్టెతో పోల్చాను. పెట్టె ఫోల్డర్, అందులోని తీర్మానాల పుస్తకం ఫైలు. ఫోల్డర్లో ఫైళ్లుంటాయి, ఇంకో ఫోల్డర్ కూడా ఉండొచ్చు, పెట్టెలో సంచి ఉన్నట్టు.

ఇప్పుడు ఆన్ చేయండి. యూపీఎస్ (కరెంటు పోయినా కాసేపు నడిపే బ్యాటరీ డబ్బా) ఉంటే ముందు అది, తర్వాత సీపీయూ మీది బటన్. ఒక్కసారి నొక్కి వదిలేయాలి. నడుస్తున్న కంప్యూటర్లో ఆ బటన్ను నాలుగైదు సెకన్లు నొక్కిపట్టుకుంటే అది ఉన్నపళంగా ఆగిపోతుంది. అది ఆఖరి ఉపాయం, రోజూ చేసేది కాదు.

మౌస్‌ను పట్టుకోవడం

చేత్తో పట్టుకొని బల్ల మీద జరిపే చిన్న పరికరం మౌస్. మౌస్ అంటే ఎలుక అనగానే వదినె నవ్వింది. పేరు వెనక కథ చిన్నదే. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా ఇంజినీరు బృందం చెక్క డబ్బాతో మొదటిది చేసింది. కింద రెండు చక్రాలు, పైన ఒకటే బటన్, వెనక తోకలాగా వైరు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జనం ముందు దాన్ని నడిపి చూపించారు. ఇప్పుడు చాలావాటికి తోక లేదు, పేరు మాత్రం మిగిలింది.

వైరు ఉంటే అది మీకు దూరంగా, మానిటర్ వైపు ఉండాలి. వైర్‌లెస్ అయితే రెండు బటన్లున్న కొస మానిటర్ వైపు. చూపుడు వేలు ఎడమ బటన్ మీద, మధ్య వేలు కుడి బటన్ మీద, బొటనవేలూ ఉంగరం వేలూ రెండు పక్కలా. అరచేయి దాని మీద వాలి ఉండాలి, మణికట్టు బల్లకు ఆనాలి. వదినె మొదటిరోజు రోకలి పట్టినట్టు పట్టింది, పావుగంటకే చెయ్యి గుంజింది. జర వదులుగా పట్టుకోండి. మౌస్‌ను ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే తెర మీద బాణం కూడా వంకరగా పోతుంది. “నేను పైకి జరిపితే ఇది మూలకు పోతుంది” అనేవాళ్లందరి సమస్యా అదే.

మౌస్‌ను తిరగేస్తే చాలావాటికి కింద ఎర్ర లైటు కనిపిస్తుంది. ఆ వెలుగులో ఒక చిన్న సెన్సర్ బల్లను ఆగకుండా ఫొటోలు తీస్తూ, ముందు ఫొటోకూ తర్వాతి ఫొటోకూ తేడా చూసి ఎంత జరిగిందో లెక్క కడుతుంది. అందుకే అద్దం బల్ల మీద పని చేయదు, ఫొటోలో పట్టుకోవడానికి అక్కడ ఏ గుర్తూ ఉండదు. మౌస్ ప్యాడ్ లేకపోతే పాత క్యాలెండర్ అట్ట చాలు. వదినె ముచ్చటపడి వరంగల్ కొత్తవాడ జంపఖానా మడిచి పరిచింది. చూడ్డానికి బాగుంది గానీ నేత గీతల్లో మౌస్ తట్టుకుంటుంది. దాన్ని కుర్చీ మీదికి మార్చాం.

ఇప్పుడు బటన్లు ముట్టకుండా జరపండి. తెర మీద కదిలే బాణాన్ని పాయింటర్ అంటారు. ఇక్కడే ఫోన్ అలవాటు అడ్డం వస్తుంది. ఫోన్లో చూసేచోటే వేలు పెడతాం. ఇక్కడ చెయ్యి బల్ల మీద, చూపు తెర మీద. కొత్తలో అందరూ చేతి వైపు చూస్తారు, బాణం ఎటో పోతుంది. కుట్టుమిషన్ తొక్కేవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. కాలు కింద తొక్కుతూనే ఉంటుంది, కన్ను సూది మీదే ఉంటుంది. వదినె ఇరవై ఏండ్లు జాకెట్లు కుట్టింది. ఆ మాట చెప్పాక ఆమె మళ్లీ చేతి వైపు చూడలేదు.

బాణాన్ని నాలుగు మూలలకూ తీసుకుపోండి. మధ్యలో మీ చెయ్యి బల్ల అంచుకు వచ్చేస్తుంది, బాణం మాత్రం సగం దూరమే పోయి ఉంటుంది. అప్పుడు మౌస్‌ను గాల్లోకి కొంచెం ఎత్తి, వెనక్కి తెచ్చి, మళ్లీ దింపి జరపండి. ఎత్తినప్పుడు బాణం ఉన్నచోటే ఉంటుంది. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. నా సెంటర్లో ఒక పెద్దమనిషి మౌస్‌ను జరుపుకుంటూ జరుపుకుంటూ పక్కవాళ్ల కీబోర్డు దాకా పోయాడు, పాపం.

పది నిమిషాలు ఇదే చేయండి. తర్వాత బాణాన్ని ఏదైనా బొమ్మ మీదికి తెచ్చి, నొక్కకుండా ఆపండి. చాలాచోట్ల దాని పేరో వివరమో చిన్న పెట్టెలో వస్తుంది. దీన్ని హోవర్ అంటారు గానీ, ఫోన్లో చెప్పేవాళ్లు “దాని మీదికి తీసుకపో, నొక్కకు” అంటారు. ఫోన్లో వేలు పెడితే నొక్కినట్టే, ఇక్కడ చూపించడం వేరు, నొక్కడం వేరు. మౌస్‌లో కొత్తదనమంతా అదే.

ఇంకో మాట కూడా ఇప్పుడే తెలుసుకోండి. కర్సర్. చాలామంది బాణాన్నే కర్సర్ అంటారు. ఫర్వాలేదు, కానీ రాసేచోట నిలువుగా మిణుకుమిణుకుమనే సన్నని గీత ఇంకొకటి ఉంటుంది. అక్షరాలు ఆ గీత దగ్గరే పడతాయి, బాణం ఉన్నచోట పడవు. మీరు బాణాన్ని పేరు గడిలో పెట్టి టైప్ చేస్తే అక్షరాలు ఊరు గడిలో పడుతున్నాయా? పేరు గడిలో ఒకసారి క్లిక్ కొట్టలేదన్నమాట. కొట్టగానే గీత అక్కడికి వస్తుంది.

నొక్కడంలో రకాలు

ఉత్త క్లిక్ అంటే ఎడమ బటన్, ఒకసారి, నొక్కి వదలడం. ఎవరైనా ఎటు అని చెప్పకుండా “క్లిక్ కొట్టు” అంటే ఎడమదే. డెస్క్‌టాప్ మీది బొమ్మను క్లిక్ చేస్తే దాని చుట్టూ లేత రంగు పరుచుకుంటుంది. అది సెలెక్ట్ అయిందన్నమాట, అంటే దాన్ని ఎంచుకున్నాం గానీ ఇంకా తెరవలేదు.

తెరవడానికి డబుల్ క్లిక్. ఎడమ బటన్నే వెంటవెంటనే రెండుసార్లు. కొత్తవాళ్లు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే, కారణాలు రెండు. ఒకటి వేగం. విండోస్‌లో మొదట ఉండే లెక్క ప్రకారం రెండు నొక్కుల మధ్య అర సెకను కంటే ఎక్కువ పడితే అది వాటిని రెండు విడి క్లిక్కులుగా తీసుకుంటుంది. రెండోది, నొక్కే తొందరలో మౌస్ కదిలిపోతుంది. మణికట్టును బల్లకు ఒత్తిపెట్టి వేలు ఒక్కటే ఆడించండి, టక్‌టక్.

నిదానంగా రెండుసార్లు నొక్కితే ఇంకో వింత జరుగుతుంది. పేరు చుట్టూ గడి వచ్చి అక్షరాలు నీలంగా మారతాయి. అది పేరు మార్చమని అడుగుతోంది. ఆ స్థితిలో ఏ మీట తగిలినా పాత పేరు పోయి ఆ అక్షరమే పేరవుతుంది. కంగారు పడకండి, కీబోర్డు ఎడమ పై మూలనున్న ఎస్కేప్ మీట నొక్కితే అంతా మామూలవుతుంది. వదినె కొడుకు పెట్టిన ఫొటోల ఫోల్డర్ పేరు మూడు రోజులు “క” అని ఉంది, ఇట్లనే.

డబుల్ క్లిక్ ఎంతకీ రాకపోతే ఒకసారి క్లిక్ చేసి కీబోర్డులో ఎంటర్ నొక్కండి. ఫలితం అదే. వేళ్లు వణికే పెద్దవాళ్లకు నేను మొదటినుంచే ఈ దారి చెప్తాను.

మరి ఎక్కడ ఒకటి, ఎక్కడ రెండు? డెస్క్‌టాప్ మీది బొమ్మలకు, ఫోల్డర్ లోపలి ఫైళ్లకు రెండు. కింది పట్టీకి, మెనూలకు, బటన్లకు, ఇంటర్నెట్‌లో ఉన్న వాటికి ఒకటే. కొందరు డబుల్ క్లిక్ వచ్చిందన్న సంబరంలో అన్నిటినీ రెండుసార్లు కొడతారు. దరఖాస్తు ఫారం కింద సబ్మిట్ బటన్ను, డబ్బులు కట్టే పేజీలో పే బటన్ను అట్లా కొట్టకండి. ఒకసారి నొక్కి చేతులు కట్టుకొని కూర్చోండి.

ఇక రైట్ క్లిక్. కుడి బటన్ ఒకసారి. ఫోన్లో ఫొటో మీద వేలు నొక్కిపట్టుకుంటే చిన్న జాబితా వస్తుంది చూడండి, అట్లాంటిదే. “దీంతో ఏమేం చేయొచ్చు?” అని అడగడమే రైట్ క్లిక్. అడిగేది దేని గురించి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఫోల్డర్ మీద కొడితే తెరువు, కాపీ చేయి, పేరు మార్చు, తీసేయి అనే వరుస. అదే డెస్క్‌టాప్ మీద ఏ బొమ్మా లేని ఖాళీ చోట కొడితే కొత్త ఫోల్డర్, వెనక బొమ్మ మార్చడం లాంటివి. అందుకే ఫోన్లో ఎవరైనా “రైట్ క్లిక్ కొట్టు” అంటే “దేని మీద, బొమ్మ మీదనా, ఖాళీ జాగలనా?” అని ఎదురడగండి. చెప్పేవాళ్లలో సగం మందికి తాము అది చెప్పలేదన్న సోయి ఉండదు.

జాబితా వచ్చాక అందులో ఒకదాన్ని ఎంచుకోవడానికి మళ్లీ ఎడమ బటనే. వద్దనుకుంటే ఖాళీ చోట ఒక క్లిక్, లేదా ఎస్కేప్. విండోస్ 11లో కట్, కాపీ, రీనేమ్, డిలీట్‌లు జాబితాకు ఒక కొసన చిన్న గుర్తులుగా కనిపిస్తాయి, కొన్నిటిలో గుర్తు కింద పేరు కూడా ఉంటుంది. కత్తెర గుర్తు కట్, రెండు కాగితాలు కాపీ, చెత్తబుట్ట డిలీట్. గుర్తు తెలియకపోతే పైన చెప్పిన హోవర్, నొక్కకుండా బాణం నిలపడం.

ఆ ఖాళీ చోటి జాబితాలోనే రిఫ్రెష్ అని ఒకటుంటుంది. మన దగ్గర కంప్యూటర్ ఆన్ కాగానే ఐదారుసార్లు రిఫ్రెష్ కొట్టడం దండం పెట్టుకున్నట్టు అలవాటు. దాంతో కంప్యూటర్ వేగం పెరగదు. తెర మీది బొమ్మలను మళ్లీ ఒకసారి సరిచూసి గీస్తుంది, గంతే. నేనూ కొడతాను, అది వేరే ముచ్చట.

రెండు బటన్ల నడుమనున్న చక్రం స్క్రోల్. వేలితో మీ వైపు తిప్పితే పేజీలో కింది భాగం వస్తుంది. పొరపాటున చక్రాన్నే లోపలికి నొక్కితే కొన్ని పేజీల్లో గుండ్రటి గుర్తొకటి వచ్చి, బాణం ఎటు జరిపితే పేజీ అటు ఉరుకుతుంది. కంప్యూటర్ పాడుకాలేదు, ఇంకోసారి క్లిక్ కొడితే ఆగుతుంది.

చివరిది డ్రాగ్, లాగడం. దీనికి ముగ్గును మించిన పోలిక నాకు దొరకలేదు. వేళ్ల మధ్య పిండి పట్టి వదులుతున్నంతసేపు గీత పడుతుంది, చిటికె బిగిస్తే ఆగుతుంది. ఎడమ బటన్ నొక్కిపట్టి ఉన్నంతసేపు వస్తువు మీ చేతిలో ఉంటుంది, వదిలితే అక్కడ పడుతుంది. బొమ్మ మీద బాణం పెట్టండి, నొక్కండి, వదలకండి, జరపండి, కావాల్సినచోట వదలండి. ఖాళీ చోట నుంచి ఇట్లా లాగితే ఒక పెట్టె గీసుకుంటూ పోతుంది, దానిలో పడ్డ బొమ్మలన్నీ ఒక్కసారే సెలెక్ట్ అవుతాయి.

డ్రాగ్‌తో ఒక ప్రమాదం. సగం దారిలో వేలు జారితే వస్తువు ఎక్కడో పడుతుంది, ఒక్కోసారి ఇంకో ఫోల్డర్ లోపలికి. సంఘం లెక్కల ఫోల్డర్ అట్లనే పోయి పెండ్లి ఫొటోల ఫోల్డర్లో పడింది. వదినె ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. కంట్రోల్ మీట నొక్కిపట్టి జెడ్ నొక్కమన్నాను. ఫోల్డర్ మళ్లీ తన చోటికి వచ్చింది. ఆఖరుగా చేసిన పనిని వెనక్కి తిప్పే ఉపాయం అది. పేరు అన్‌డూ. ఏదైనా తప్పు జరిగిందనిపిస్తే ఇంకేమీ ముట్టకుండా ముందు అది నొక్కండి, ఎందుకంటే ఆ తర్వాత మీరు పది పనులు చేస్తే అది కూడా పదిసార్లు వెనక్కి నడవాలి.

లాగడం చెయ్యికి రావాలంటే సాలిటేర్ ఆడండి. నవ్వకండి. 1990లో విండోస్ 3.0తో వచ్చిన ఆ పేకల ఆటతోనే లక్షలమందికి డ్రాగ్ అలవాటైంది. ముక్కను పట్టాలి, లాగాలి, వదలాలి. పేకలు ఇంట్లో వద్దనుకుంటే తెర కింది పట్టీలో కిటికీ గుర్తున్న స్టార్ట్ తెరిచి పెయింట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, వచ్చిన తెల్ల పేజీ మీద చుక్కలు పెట్టి కలపండి. వదినె ఐదు చుక్కల ముగ్గు పూర్తిచేసే సరికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు దానికి రంగులు కూడా నింపింది, నేను చెప్పకుండానే.

తెర మీద ఏది ఏమిటి

చిన్న బొమ్మలన్నీ ఐకాన్లు. వెనక పరుచుకున్న పెద్ద బొమ్మ వాల్‌పేపర్. పాత కంప్యూటర్లలో పచ్చటి గుట్ట, నీలం ఆకాశం ఉండేది గుర్తుందా? అది గీసిన బొమ్మ కాదు. ఛార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలో దారి పక్కన ఆగి తీసిన ఫొటో.

తెర అడుగున అడ్డంగా ఉన్న పట్టీ టాస్క్‌బార్. దాని మీద నాలుగు గళ్ల కిటికీ గుర్తు స్టార్ట్. విండోస్ 10లో ఎడమ మూలన ఉంటుంది, 11లో మధ్యలో. టాస్క్‌బారూ స్టార్టూ రెండూ 1995లో విండోస్ 95తో వచ్చినవే. టాస్క్‌బార్ కుడి కొసన గడియారం, సౌండ్, నెట్ గుర్తులు.

ఏదైనా తెరిస్తే వచ్చే చట్రం పేరు విండో. ప్రతి విండోకూ పైన కుడి మూలన మూడు గుర్తులు. చిన్న గీత మినిమైజ్, గడి మ్యాక్సిమైజ్, ఎక్స్ గుర్తు క్లోజ్. గీత నొక్కితే విండో మాయమవుతుంది, కానీ మూసుకుపోదు. టాస్క్‌బార్లో దాక్కుంటుంది, అక్కడ ఒక క్లిక్ కొడితే లేచి వస్తుంది. “రాసిందంతా పోయింది” అని నాకు వచ్చిన ఫోన్లలో చాలా వాటికి జవాబు “కింద పట్టీల చూడు” అన్నదే. ఎక్స్ కొడితే మాత్రం నిజంగానే మూసుకుంటుంది. సేవ్ చేయాలా అని అడిగితే ఆగి చదవండి.

ఐకాన్లలో షార్ట్‌కట్ అనే రకం ఉంది. ఎడమ కింది మూలన చిన్న వంపు బాణం గుర్తుంటే అది షార్ట్‌కట్. అంటే వస్తువు అక్కడ లేదు, వస్తువు ఉన్నచోటికి దారి చూపే పలక మాత్రమే. కాజీపేట అని రాసిన బోర్డు పీకి సంచిలో వేసుకుంటే స్టేషన్ మన వెంట రాదు కదా. యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకని రాత్రి పెన్‌డ్రైవ్ పట్టుకొని నా దగ్గరికి ఉరికొచ్చేవాళ్లు. తెరిచి చూస్తే అందులో షార్ట్‌కట్ ఒక్కటే ఉండేది, రిపోర్టు హాస్టల్ కంప్యూటర్లోనే. పెన్‌డ్రైవ్‌లో వేసుకునే ముందు ఆ వంపు బాణం ఉందేమో చూడండి. ఉంటే దాని మీద రైట్ క్లిక్ కొట్టి, ఓపెన్ ఫైల్ లొకేషన్ అనేది నొక్కితే అసలు ఫైలు ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి కాపీ చేసుకోండి. ఈ లెక్కన షార్ట్‌కట్‌ను డిలీట్ చేసినా అసలు వస్తువుకు ఏమీ కాదు.

డిలీట్ చేసినవి రీసైకిల్ బిన్‌లో పడతాయి. దాన్ని తెరిచి, కావాల్సిన ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి, రీస్టోర్ అంటే పాత చోటికే పోతుంది. పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసినవి మాత్రం మామూలుగా బిన్‌లోకి రావు, అటే పోతాయి. షిఫ్ట్ నొక్కిపట్టి డిలీట్ కొట్టినా అంతే. బయట సెంటర్లో ఆధార్ కాగితమో మార్కుల మెమోనో డౌన్‌లోడ్ చేసుకుంటే డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోంచి ఈ షిఫ్ట్ డిలీట్‌తోనే తీసేసి లేవండి.

బాణం ఒక్కోచోట ఒక్కో వేషం వేస్తుంది. నొక్కదగ్గ లింకు మీద చెయ్యి గుర్తు, రాసేచోట పెద్ద ఐ అక్షరంలాంటి గీత, విండో అంచున రెండు తలల బాణం. ఆ రెండు తలలది కనిపించినప్పుడు లాగితే విండో పెద్దదీ చిన్నదీ అవుతుంది. గుండ్రంగా తిరిగే నీలం వలయం వస్తే కంప్యూటర్ పనిలో ఉందని. అప్పుడు మళ్లీ మళ్లీ నొక్కితే ఆ నొక్కులన్నీ వరుసలో నిలబడి, తర్వాత ఒకే విండో నాలుగుసార్లు తెరుచుకుంటుంది.

మీ చేతికి తగ్గట్టు మార్చుకోవడం

స్టార్ట్ తెరిచి, మౌస్ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే మౌస్ సెట్టింగ్స్ వస్తాయి. బాణం ఎంత వేగంగా కదలాలో అక్కడ ఒక గుండీని జరిపి మార్చుకోవచ్చు. డబుల్ క్లిక్ వేగం కోసం అక్కడే అడిషనల్ మౌస్ సెట్టింగ్స్ (విండోస్ 10లో అడిషనల్ మౌస్ ఆప్షన్స్) అనేదాన్ని తెరవాలి. అక్కడి గుండీని స్లో వైపు జరిపితే పైన చెప్పిన అర సెకను గడువు ఇంకా ఎక్కువవుతుంది. బాణం కంటికి ఆనకపోతే పాయింటర్ సైజ్ పెంచండి, రంగు కూడా మార్చొచ్చు. వదినె ఆకుపచ్చ పెట్టుకుంది.

ఎడమచేతి వాటం వాళ్లు ప్రైమరీ బటన్ను రైట్ అని మార్చుకుంటే రెండు బటన్ల పనులు తారుమారవుతాయి. అప్పుడు ఫోన్లో ఎవరైనా “రైట్ క్లిక్” అంటే మీరు ఎడమది నొక్కాలి. చెప్పేవాళ్లకు ముందే ఆ సంగతి చెప్పకపోతే ఇద్దరికీ లొల్లే.

ఫోన్లో సాయం అడిగేటప్పుడు “ఏదో వచ్చింది” అనకండి. విండో పైన ఏ పేరుంది, బాణం ఏ వేషంలో ఉంది, మధ్యలో వచ్చిన పెట్టెలో ఏమని రాసి ఉంది, కింద ఏ బటన్లున్నాయి, ఇవి నాలుగూ చదివి వినిపించండి. ఇంగ్లీషు చదవలేకపోతే తెరను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపండి, అందులో నామోషీ ఏం లేదు.

అయితే మీకు తెలిసిన మనిషినే అడగండి. బ్యాంకు నుంచో కంపెనీ నుంచో అని చెప్పుకుంటూ ఎవరో తమంతట తాము ఫోన్ చేసి, ఒక యాప్ వేయమని, ఒక నంబరు చదవమని అన్నారంటే ఫోన్ పెట్టేయండి. ఆ నంబరు ఇస్తే మీ బాణం వాళ్ల చేతికి పోతుంది. మీరు ముట్టకుండానే బాణం సొంతంగా నడిచి విండోలు తెరుస్తుంటే వెంటనే నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి. డబ్బులు పోయినట్టు తెలిస్తే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదులకు దేశమంతటికీ ఉన్న నంబరది, ఎంత తొందరగా చెప్తే అంత మేలు.

ఆపడం

తెరిచినవన్నీ సేవ్ చేసి ఎక్స్ కొట్టండి. స్టార్ట్ క్లిక్ చేస్తే గుండ్రటి పవర్ గుర్తు కనిపిస్తుంది, దాన్ని నొక్కి షట్ డౌన్. స్లీప్ అంటే కునుకు, రీస్టార్ట్ అంటే ఆగి మళ్లీ లేవడం. ఒక్కోసారి షట్ డౌన్ కొట్టాక అప్‌డేట్ అవుతోంది, ఆపకండి అని ఇంగ్లీషులో రాసి శాతాలు లెక్కపెడుతుంది. నిద్రొస్తున్నా సరే ఆగండి, మధ్యలో స్విచ్ ఆపితే తెల్లారి అది లేవకపోవచ్చు. తెర నల్లబడి, డబ్బాలో ఫ్యాన్ చప్పుడు ఆగిన తర్వాతే యూపీఎస్, ఆ తర్వాత గోడ స్విచ్. వైర్‌లెస్ మౌస్ అయితే తిరగేసి చూడండి, చాలావాటికి అడుగున చిన్న మీట ఉంటుంది. దాన్ని ఆఫ్ వైపు జరిపితే బ్యాటరీ ఎక్కువ రోజులొస్తుంది.